ఇండియా టైమ్‌కి కోల్‌కతా పేరెందుకు? మీ ఫోన్‌లో వరల్డ్ క్లాక్ వెనక కథ

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో క్లాక్ యాప్ తెరిచి వరల్డ్ క్లాక్ అన్న చోటికి వెళ్ళండి. ప్లస్ గుర్తు నొక్కితే ఊరి పేరు అడుగుతుంది. డల్లాస్ అని కొట్టండి, వస్తుంది. దుబాయ్ అని కొట్టండి, వస్తుంది. లండన్, సిడ్నీ, ఏదైనా వస్తుంది. సెట్ చేయడం అయిపోయింది. అర నిమిషం పని.

ఇప్పుడు అసలు ప్రశ్న. గూగుల్ క్యాలెండర్‌లో టైమ్ జోన్ దగ్గర చూస్తే మన టైమ్ పక్కన కోల్‌కతా అని ఉంటుంది. వెబ్‌సైట్లలో, యాప్‌లలో, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో చాలా చోట్ల ఇదే వరస. ఢిల్లీ మన రాజధాని. ముంబయి పెద్ద నగరం. మరి కోల్‌కతా ఎందుకు? మనం టైమ్ అడిగితే ఫోన్ ఊరి పేరు ఎందుకు అడుగుతోంది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళ్తే దాదాపు రెండు వందల ఏళ్ళ కథ బయటపడుతుంది. అందులో రైళ్ళున్నాయి, సమ్మెలున్నాయి, యుద్ధం ఉంది, చివర్లో ఒక జ్యోతిషం కంపెనీ వేసిన కోర్టు కేసు కూడా ఉంది.

మొదట సూర్యుడి దగ్గర మొదలుపెడదాం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊళ్ళో సూర్యుడు ముందు నడినెత్తికి వస్తాడు, పడమటి ఊళ్ళో తర్వాత వస్తాడు. మన దగ్గరే లెక్క వేసి చూడండి. శ్రీకాకుళం దాదాపు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అనంతపురం 77.6 దగ్గర. రెండింటికీ మధ్య సుమారు 25 నిమిషాల తేడా. మన పాత లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 ఘడియలు. అంటే శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నం అయిన దాదాపు ఒక ఘడియకి గానీ అనంతపురంలో మిట్టమధ్యాహ్నం కాదు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా.

ఈ సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. సూర్యసిద్ధాంతం లాంటి గ్రంథాలు ఉజ్జయిని మీదుగా వెళ్ళే రేఖని మూలరేఖగా పెట్టుకున్నాయి. మీ ఊరు ఆ రేఖకి తూర్పున ఉందా, పడమర ఉందా అన్నదాన్ని బట్టి లెక్కలో కూడికో తీసివేతో చేయాలి. ఆ సవరణ పేరేంటో తెలుసా? దేశాంతరం! ఇవాళ మనం దేశాంతరం వెళ్ళడం అంటే పరాయి దేశం పోవడం అనుకుంటాం. పంచాంగం లెక్కలో మాత్రం అది చోటు మారితే వచ్చే టైమ్ తేడా. ఇప్పుడు దేశాంతరం వెళ్ళిన అన్నయ్యకి ఫోన్ చేయాలంటే మనం వరల్డ్ క్లాక్ చూస్తున్నాం. పదం తన పాత అర్థానికే తిరిగొచ్చినట్టుంది.

వందల ఏళ్ళపాటు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఎడ్లబండి మీద కర్నూలు నుంచి మద్రాసు వెళ్ళేవాడికి 9 నిమిషాల తేడాతో పనేముంది? పని పడింది రెండు వస్తువులు వచ్చాక. ఒకటి రైలు, రెండోది టెలిగ్రాఫ్. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రైళ్ళు నడిచేటప్పుడు ఈ స్టేషన్ గడియారం ఒకటి, ఆ స్టేషన్ గడియారం ఇంకొకటి చెబితే అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

అప్పట్లో బొంబాయి టైమ్ గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు. కలకత్తా టైమ్ 5 గంటల 53 నిమిషాలు ముందు. రెండు నగరాలకీ మధ్య గంటా రెండు నిమిషాలు తేడా. రైల్వేకి ఏదో ఒక టైమ్ కావాలి. 1870 ప్రాంతంలో అందరికీ కలిపి ఎంచుకున్నది ఆ రెండింటిలో ఏదీ కాదు, మద్రాసు టైమ్. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయికీ కలకత్తాకీ సుమారు మధ్యలో పడుతుంది కాబట్టి ఇద్దరికీ అరగంట అటూఇటూగా సర్దుకుపోవచ్చు. అసలు కారణం ఇంకొకటి ఉంది. మద్రాసులో నక్షత్రశాల ఉంది. నక్షత్రాలు చూసి కచ్చితమైన టైమ్ లెక్కకట్టి, టెలిగ్రాఫ్ తీగ మీద మిగతా దేశానికి పంపగలిగిన చోటు అది.

ఆ నక్షత్రశాల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మన భాష ఉంది. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంతంగా మొదలుపెట్టింది అది. తర్వాత ఈస్టిండియా కంపెనీ దాన్ని తీసుకుని 1792లో నుంగంబాక్కంలో భవనం కట్టించింది. కట్టించిన ఇంజనీరు పేరు మైకేల్ టాపింగ్. పరికరం కదలకుండా ఉండటానికి లోపల ఒక పెద్ద గ్రానైట్ స్తంభం నిలబెట్టారు. ఆ స్తంభం మీద శాసనం చెక్కించారు. వెయ్యేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకి కూడా ఇక్కడ ఒక నక్షత్రశాల ఉండేదని తెలియాలని వాళ్ళ ఆశ. అందుకే ఒక్క లాటిన్‌లో రాసి ఊరుకోలేదు, దేశభాషల్లోనూ చెక్కించారు. అందులో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. దేశమంతటికీ రైళ్ళ టైమ్ పంపిన చోట మన అక్షరాలున్నాయన్నమాట.

సరే, మద్రాసు టైమ్ రైళ్ళ వరకూ బాగానే నడిచింది. ఊళ్ళలో మాత్రం ఎవరి టైమ్ వాళ్ళదే. బొంబాయివాళ్ళకి రైల్వే టైమ్ ఒకటి, ఇంటి టైమ్ ఇంకొకటి. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ బొంబాయి నగరం కూడా మద్రాసు టైమ్‌కే రావాలన్నాడు. జనం ఒప్పుకోలేదు. రెండేళ్ళకి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది.

ఇదే కాలంలో ప్రపంచంలో కూడా ఇదే గొడవ. 1884 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. సున్నా డిగ్రీల రేఖ ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. 22 దేశాలు లండన్ పక్కనున్న గ్రీనిచ్‌కి ఓటేశాయి. కారణం సింపుల్. ప్రపంచంలో తిరిగే ఓడల్లో చాలా భాగం అప్పటికే గ్రీనిచ్ లెక్కతో గీసిన పటాలు వాడుతున్నాయి. ఫ్రాన్స్ మాత్రం ఓటు వేయకుండా ఊరుకుంది. 1911 దాకా పారిస్ టైమే నడిపింది. చివరికి మారినప్పుడు కూడా చట్టంలో గ్రీనిచ్ అన్న మాట రాయలేదు. పారిస్ టైమ్‌లోంచి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించాలని రాసింది. రెండూ ఒకటే! పట్టుదల అంటే అదీ.

మన దేశంలో 1906 జనవరి 1 ముఖ్యమైన తేదీ. ఆ రోజు నుంచి గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే ఇండియన్ స్టాండర్డ్ టైమ్ అమల్లోకి వచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. స్కూల్లో మిర్జాపూర్ అని చదువుకుని ఉంటారు. ఆ గీతని మ్యాప్ మీద కిందికి లాక్కురండి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి ఆంధ్రాలోకి వస్తుంది. కాకినాడకీ తునికీ మధ్య మన తీరం దాటి సముద్రంలోకి పోతుంది. తునివాళ్ళకి సూర్యుడి టైమూ చేతి గడియారమూ దాదాపు కలుస్తాయి. హైదరాబాద్‌వాళ్ళ సూర్యుడు సగటున 16 నిమిషాలు లేటు. అనంతపురంవాళ్ళ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు లేటు. పంచాంగంలో మీ ఊరికి సూర్యోదయం టైమ్ సరిచూసుకోమనడానికి ఇదే కారణం.

మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ మార్పు 9 నిమిషాలే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనే ఉన్నాయి. బెజవాడ సూర్యుడి టైమ్ మద్రాసు టైమ్‌కి ఒకటి రెండు నిమిషాల తేడాలో ఉంటుంది కాబట్టి అక్కడ కూడా అంతే. కానీ బొంబాయికి ఈ మార్పు 39 నిమిషాలు. ఇక్కడే ఒక విషయం గమనించండి. గడియారం 39 నిమిషాలు ముందుకి జరిపి, పనివేళ అంకె మాత్రం అదే ఉంచితే ఏమవుతుంది? మిల్లు కార్మికుడు 39 నిమిషాలు ముందే నిద్ర లేవాలి. అతని దగ్గర గడియారం లేదు. అతనికి టైమ్ అంటే వెలుతురు. 1906 జనవరిలో బొంబాయి మిల్లుల్లో కార్మికులు దీని మీద ఆందోళనకి దిగారు. అంతకు మూడు నెలల ముందే బెంగాల్ విభజన జరిగింది, స్వదేశీ ఉద్యమం నడుస్తోంది. జనం దృష్టిలో ఇది కేవలం గడియారం విషయంగా మిగల్లేదు. మా పొద్దు ఎప్పుడు మొదలవ్వాలో కూడా వాళ్ళే చెబుతారా అన్న కోపం అది.

ఈ కోపం ఎంతకాలం ఉందో చూడండి. బొంబాయిలో పాత టైమ్ వాడకం 1950ల దాకా పూర్తిగా పోలేదు. కలకత్తా కూడా తన సొంత టైమ్‌ని 1948 దాకా వదల్లేదు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజుకి కూడా కలకత్తా తన టైమ్‌ని వదులుకోలేదు. ఇండియా టైమ్‌ని అంత ఆలస్యంగా ఒప్పుకున్న నగరం పేరే ఇవాళ ఇండియా టైమ్‌కి పేరు!

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ సమయంలో దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా మన టైమ్ గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు. అంటే మన తాతమ్మల కాలంలో ఇండియాలో కూడా గడియారాలు జరిపారన్నమాట.

ఇప్పుడు ఫోన్‌లోకి వద్దాం. ఫోన్ లోపల నిజానికి గంటలూ నిమిషాలూ ఉండవు. ఒక పెద్ద అంకె ఉంటుంది. 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఇప్పటికి ఎన్ని సెకన్లయ్యాయో లెక్క. ఎప్పుడైనా ఏదో ఫైల్ పాడైతే దాని తేదీ 1970 జనవరి 1, తెల్లవారుజాము 5:30 అని కనిపించడం చూశారా? అది సున్నా. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి 12 అయినప్పుడు మనకి అయిదున్నర కదా, అందుకు. అదే తప్పు అమెరికాలో ఉన్న ఫోన్‌లో జరిగితే 1969 డిసెంబర్ 31 అని చూపిస్తుంది.

సెకన్ల అంకె ప్రపంచమంతా ఒకటే. దాన్ని డల్లాస్ టైమ్‌గా, దుబాయ్ టైమ్‌గా మార్చాలంటే ఏ ఊళ్ళో ఏ రూల్ ఉందో తెలియాలి. ఆ రూల్స్ అన్నీ ఉన్న పుస్తకం లాంటిదే టీజెడ్ డేటాబేస్. 1980లలో అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ప్రోగ్రామర్ దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత పాల్ ఎగర్ట్ దీన్ని చూసుకుంటూ వస్తున్నాడు. ఆండ్రాయిడ్, ఐఫోన్, లైనక్స్ అన్నీ దీని మీదే నడుస్తాయి. కోట్లాది ఫోన్లకి టైమ్ చెప్పే ఈ పని ఎక్కువగా స్వచ్ఛందంగా, ఈమెయిళ్ళలో చర్చించుకుంటూ జరిగింది.

ఇందులో ఊరి పేర్లు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఐఎస్‌టీ అని రాస్తే ఇండియానా, ఇజ్రాయెలా, ఐర్లండా? ముగ్గురూ అదే వాడతారు. దేశం పేరు పెడదామంటే ఒకే దేశంలో ఎన్నో జోన్లు ఉంటాయి. దేశాల హద్దులూ మారతాయి. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఖండం పేరు, తర్వాత ఆ జోన్‌లో మామూలుగా ఎక్కువ జనం ఉన్న నగరం పేరు పెట్టారు. పేర్లు పెట్టేనాటికి మన జోన్‌కి కలకత్తా రాశారు. 2008లో దాన్ని కోల్‌కతాగా మార్చారు. పాత పేరుతో రాసిన ప్రోగ్రాములు ఆగిపోకుండా పాత పేరూ పనిచేసేలా ఉంచారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. ఆ డేటాబేస్‌లో కోల్‌కతా కింద చూస్తే ఎనిమిది లైన్లుంటాయి. మొదట కలకత్తా సూర్యుడి టైమ్. తర్వాత హౌరా టైమ్. 1870 దగ్గర 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు అని ఉంటుంది. అదే మద్రాసు టైమ్! 1906 జనవరి 1 దగ్గర అయిదున్నర. ఆ తర్వాత యుద్ధం రోజుల గంట, మళ్ళీ అయిదున్నర. నేను ఇంతసేపు చెప్పిన చరిత్రలో సగం ఆ ఎనిమిది లైన్లలో ఉంది. కార్మికుల ఆందోళన మాత్రం అందులో లేదు. అంకెలు మిగిలాయి, గొడవ చెరిగిపోయింది. అందుకే ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది.

ఇక కోర్టు కేసు. 2011లో ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిషం సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓల్సన్, ఎగర్ట్‌ల మీద కేసు వేసింది. జాతకం వేయాలంటే పుట్టిన ఊళ్ళో ఆ రోజు ఏ టైమ్ నడిచిందో తెలియాలి కదా, అందుకని పాత టైమ్ వివరాలతో వాళ్ళ దగ్గర ఒక పుస్తకం ఉంది. అందులోంచి సమాచారం తీసుకున్నారని వాళ్ళ ఆరోపణ. డేటాబేస్ కొన్నాళ్ళు ఇంటర్నెట్‌లోంచి మాయమైంది. ఫలానా తేదీన గడియారం మార్చారన్నది చారిత్రక వాస్తవం, దాని మీద కాపీరైట్ ఎవరికి ఉంటుంది? 2012లో ఆ కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. ఈలోగా ఐకాన్ సంస్థ ఆ డేటాబేస్ బాధ్యత తీసుకుంది. వెబ్‌సైట్ల పేర్ల వ్యవస్థని చూసే సంస్థ అది.

సరే, ఇదంతా తెలుసుకున్నాక మీకేం లాభం? మూడు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, మీ పని ఉన్న ఊరి పేరే పెట్టండి, గంటల తేడా బట్టీ పట్టకండి. డల్లాస్‌కీ మనకీ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మార్చిలో ఆ మధ్య రెండు మూడు వారాలు న్యూయార్క్‌కీ లండన్‌కీ మధ్య తేడా కూడా మారిపోతుంది. సిడ్నీది రివర్స్, అక్టోబర్‌లో ముందుకి, ఏప్రిల్‌లో వెనక్కి. అరిజోనాలో ఉన్న ఫీనిక్స్ అసలు జరపదు. చలికాలంలో డెన్వర్, ఫీనిక్స్ ఒకే టైమ్. ఎండాకాలంలో గంట తేడా. మీ ఇంటర్వ్యూ ఫీనిక్స్ ఆఫీసుతో ఉంటే ఫీనిక్సే పెట్టాలి. ఎలాగూ ఒకటే కదా అని డెన్వర్ పెడితే చలికాలంలో పని జరుగుతుంది, ఎండాకాలంలో ఇంటర్వ్యూ పోతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. దుబాయ్ మనకంటే ఏడాదంతా గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక.

రెండోది, ఊరి పక్కన దేశం పేరు చూడండి. హైదరాబాద్‌లు రెండున్నాయి. ఒకటి మనది, రెండోది పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఉంది. అక్కడి టైమ్ మనకంటే అరగంట వెనక. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇంటి టైమ్ కోసం హైదరాబాద్ పెట్టుకునేటప్పుడు ఇది చూసుకోవాలి.

మూడోది, ఫోన్ అప్‌డేట్ చేయండి. ప్రభుత్వాలు రూల్ మారిస్తే ఆ మార్పు డేటాబేస్‌లోకి ఎక్కి, అప్‌డేట్‌గా మీ ఫోన్‌కి రావాలి. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గడియారం జరపడాన్ని ఆఖరి నిమిషంలో వాయిదా వేసింది. చర్చిలూ కొన్ని టీవీ ఛానళ్ళూ మేం జరిపేస్తాం అన్నాయి. కొన్ని రోజులు ఒకే దేశంలో రెండు టైమ్‌లు నడిచాయి. ఫోన్ మాత్రం ఏం చేస్తుంది? తన దగ్గరున్న రూల్ చూపిస్తుంది. టైమ్ ఎంత అన్న ప్రశ్నకి ముందు, ఎవరి మాట వినాలి అన్న ప్రశ్న వచ్చింది. 1906లో బొంబాయి కార్మికుడు అడిగింది కూడా అదే.

మన దేశంలో కూడా ఆ ప్రశ్న ఆగిపోలేదు. అస్సాం టీ తోటల్లో బాగాన్ టైమ్ అని ఇప్పటికీ ఉంది, మన గడియారం కంటే గంట ముందు. అక్కడ పొద్దు త్వరగా పొడుస్తుంది, త్వరగా క్రుంకుతుంది. ఆఫీసు మాత్రం ఢిల్లీ టైమ్‌కే తెరవాలి. ఈశాన్యానికి వేరే టైమ్ జోన్ కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఒకే దేశానికి ఒకే టైమ్ ఉండాలన్న వాదన ఒకవైపు, పగటి వెలుతురు వృథా అవుతోందన్న వాదన ఇంకోవైపు. ఒకవేళ అది అమల్లోకి వస్తే డేటాబేస్‌లో కొత్తగా ఇంకో ఊరి పేరు చేరుతుంది, మీ వరల్డ్ క్లాక్‌లో కూడా.

మీరైతే ఏమంటారు? మీ ఊళ్ళో నిజమైన మిట్టమధ్యాహ్నం గడియారంలో ఎన్నింటికి అవుతుందో లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. మ్యాప్‌లో మీ ఊరి రేఖాంశం చూడండి. 82.5తో తేడా ఎంతో చూసి నాలుగుతో గుణించండి. పడమరైతే 12 గంటలకి ఆ నిమిషాలు కలపండి, తూర్పయితే తీసేయండి. కాలాన్ని బట్టి మరికొన్ని నిమిషాలు అటూఇటూ అవుతుంది. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.